వెనక పట్టీ చెప్పులు

నా చిన్నప్పుడు మా కోనసీమ పల్లెలో విమానం ఎక్కేవాళ్లంటే గల్ఫుకి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లే. కొబ్బరికాయల దింపు తీస్తూ చెట్టు మీంచి పడి మా నాన్న మంచం పట్టాక, ఆ వంతు మా అమ్మకి వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ వెళ్లకూడదు, నాకు కావలసింది అదొక్కటే.

ప్రయాణానికని అమ్మ కొత్త నైలాను చీర కొని, శుభమని అంచులకి పసుపు రాసి పెట్టుకుంది. మస్కట్‌లో మూడేళ్లు పనిచేసి వచ్చిన పక్కింటి అక్క అది చూసింది. అంచులోంచి ఒక పోగు లాగి దీపానికి చూపించింది. పోగు కరిగి, నల్లటి ఉండలా ఆమె గోటికి అంటుకుపోయింది. తన నూలు చీర పోగు కూడా కాల్చింది. అది బూడిదై రాలిపోయింది.

"విమానంలో నిప్పంటుకుంటే ఇది ఒంటికి అతుక్కుపోద్ది పిన్నీ. పాత నూలు చీరే కట్టు. చెప్పులు మాత్రం వెనక పట్టీ ఉన్నవి కొనుక్కో, పరిగెత్తినా ఊడకూడదు. అవి లేకుండా ఎక్కనే ఎక్కకు" అంది.

ఆ చివరి మాట నా చెవిలో పడింది. అమ్మ కొత్త చెప్పులు కొనుక్కురాగానే, ఎవరూ చూడకుండా అటక మీద ఇత్తడి బిందెల వెనక దాచేశాను. చెప్పుల్లేకపోతే ప్రయాణం ఆగిపోతుందని నా తెలివి.

బయల్దేరే రోజు ఇల్లంతా వెతికారు. రాజమండ్రి బస్సు వచ్చే వేళయింది. అమ్మ హవాయి చెప్పులు తొడుక్కుంది. "పోనీలే, అక్కడ ఇంట్లో నన్ను చెప్పులెవరు వేసుకోనిస్తారు" అంది. అప్పుడు నాకు భయం వేసింది. ప్రయాణం ఆగలేదు సరికదా, పట్టీ కూడా లేకుండా వెళ్లిపోతోంది. నిజం చెప్పకుండానే వాళ్ల వెనక రోడ్డు దాకా నడిచాను.

అక్క నా మొహం చూసింది. నేనే దాచానని ఆమెకి తెలిసిపోయింది. తన కాళ్ల చెప్పులు విప్పి, రోడ్డు మీద కూర్చుని, అమ్మ కాళ్లకి తొడిగి పట్టీలు బిగించింది. బస్సు వెళ్లిపోయాక కంకర మీద వట్టి కాళ్లతో నడుస్తూ, "ఎలాగూ ఆగదే అమ్మడూ. కాళ్లయినా క్షేమంగా ఉండనీ" అంది.

అమ్మ ఆరేళ్లకి వచ్చింది. అప్పటికి నాన్న లేడు. అటక మీది చెప్పులు దించి ఆమె ముందు పెట్టాను. ఆమె పాదాలు వాచిపోయి ఉన్నాయి, పట్టలేదు. నన్ను వేసుకోమంది. సరిగ్గా సరిపోయాయి. అమ్మ నా పాదాల వంక చాలాసేపు చూసి, లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పటికీ మా వాళ్లెవరు విమానం ఎక్కుతున్నా నూలు బట్టలు నేనే తీసి పెడతాను. నడుం సహకరించకపోయినా కింద కూర్చుని చెప్పుల పట్టీలు నేనే బిగిస్తాను. వెళ్లొద్దని అప్పుడూ నోరు తెరిచి అనలేదు, ఇప్పుడూ అనను.