రష్యా కవికి శాలువా

మా తెలుగు సంఘం అధ్యక్షుణ్ణి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. జెర్సీ సిటీలో నేను పనిచేసే ఆస్పత్రిలో పెద్ద డాక్టరు, పైగా కవి. కవి అని ఆయన తప్ప ఇంకెవరూ అనలేదు. ఏటా ఉగాది కవి సమ్మేళనంలో అందరికీ రెండేసి నిమిషాలు విదిల్చి, తాను మాత్రం అరగంట చదివేవాడు.

అసలు కవి మా బిల్డింగులో కింది అంతస్తులో ఉండేవాడు. యుక్రెయిన్ ముసలాయన. రెండో ప్రపంచయుద్ధం తర్వాత దేశం వదిలి వచ్చి, మా ఆస్పత్రిలోనే నేల తుడిచేవాడు. ఆయన పుస్తకాల్ని అక్కడ నిషేధించారు. ఇక్కడ ఎవరూ చదవలేదు కనుక ఆ అవసరం రాలేదు. ఇక్కడి యుక్రెయిన్ వాళ్ల సంఘానికీ ఒక అధ్యక్షుడున్నాడట, ఆయనా కవేనట. ఆ కవిత్వం బాగాలేదన్నందుకు ముసలాయన్ను పదేళ్లుగా వేదిక ఎక్కనివ్వలేదు.

ఎనభైల మొదట్లో ఒక ఉగాదికి ఆయన్ను పిలుద్దామన్నాను. మా అధ్యక్షుడు ఎగిరి గంతేశాడు.

“రష్యన్ పొయెట్ అని అనౌన్స్ చేద్దామోయ్!”

“రష్యన్ కాదు సార్, యుక్రెయిన్. అలా అంటే ఆయన బాధపడతారు.”

“రెండూ ఒకటేలేవయ్యా. యుక్రెయిన్ అంటే మనవాళ్లలో ఎవడికి తెలుసు?”

నోరు మూసుకున్నాను. నా ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం ఆయన బల్ల మీదే ఉంది మరి.

ముసలాయన కోటు ఇస్త్రీ చేయించుకున్నాడు. నా దగ్గర ‘నమస్కారం’ నేర్చుకున్నాడు. “పదేళ్లయింది, నా భాషలో నలుగురి ముందు చదివి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, వింటే చాలు,” అన్నాడు.

హైస్కూల్ హాల్లో శాలువా కప్పారు. అధ్యక్షుడు పావుగంట తెలుగులో పొగిడాడు. అందులో ముసలాయనకు తెలిసిన మాట ఒక్కటే, రష్యా. అది పదిసార్లు వినబడింది. ముసలాయన, ముందు వరుసలో ఉన్న నా వైపు చూశాడు. లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. నేను చప్పట్లు కొట్టాను.

ఆయన శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో ఉంచి, కవితను జేబులోంచి తీయకుండానే వేదిక దిగిపోయాడు. “ఎంత పొగరండీ!” అని అధ్యక్షుడు మైకులోనే అని, మిగిలిన టైమ్‌లో తన కవిత అందుకున్నాడు. జనం పులిహోర వాసన వస్తున్న వైపు చూస్తున్నారు.

బస్టాపు దగ్గర ఆయన్ను అందుకున్నాను.

“వాళ్లకు నువ్వు చెప్పలేదా?”

“చాలాసార్లు చెప్పాను. వినలేదు.”

నమ్మాడు. పైగా నా భుజం తట్టి, “నీ తప్పు కాదులే,” అని నన్నే ఓదార్చాడు.

కొన్నేళ్లకు ఆయన పోయాడు. మా సంఘం సావనీర్‌లో శాలువా ఫొటో వేసి, కింద ‘మన ఆత్మీయుడు, రష్యా మహాకవి’ అని అచ్చువేశారు. ఆ సంచిక ప్రూఫులు దిద్దింది నేనే.