పావుగంట సముద్రం

మెడలో ఒక ఈల, నోట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఉంటే మద్రాసంతా మనదేననుకునే వయసు అది. డెబ్బైలలో టి. నగర్‌లోని ఒక టూరిస్టు బస్సుల కంపెనీలో గైడుగా చేరాను. మొదటిరోజే మేనేజరు (తరతరాలుగా అరవదేశంలో స్థిరపడ్డ తెలుగువాడే) నాకు జ్ఞానోపదేశం చేశాడు. "చూడప్పా, దిగి, నిలబడి చూసి ఎక్కేస్తే సైట్‌సీయింగ్. కూచున్నారంటే అది విజిట్. మనది సైట్‌సీయింగ్ బస్సు. ఆడ ఎవరన్నా కూచుంటే లేపేదే నీ పని, తెలిసిందా?" తెలిసింది. రెండు నెలల్లో కొత్త దంపతుల్నీ, కాళ్లు నొప్పులన్న ముసలివాళ్లనూ కూడా ఈల వేసి లేపేటంత బాగా తెలిసింది.

మా కాపురం పెరంబూరులో. నాన్నది రైలుపెట్టెల కర్మాగారంలో పని. పాతికేళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నా అమ్మ సముద్రం చూడలేదు, మాకెవరికీ తీసుకెళ్లాలనీ తోచలేదు. ఒక ఆదివారం టిక్కెట్టు కొని ఆమెను మా బస్సెక్కించాను. గైడు ఇంటివాళ్లు ఎక్కకూడదని కంపెనీ నియమం. పైగా ఆరోజు తనిఖీకని మేనేజరు ముందు సీట్లోనే కూర్చున్నాడు. అందుకని నేనెవరో తెలియనట్టు ఉండమ్మా అన్నాను. ఆమె ఆ మాటను నాకంటే శ్రద్ధగా పాటించింది. దారిపొడవునా నన్ను "సార్" అంది. (నాకు సిగ్గేయకపోగా, కొంచెం బాగానే ఉండింది.)

మెరీనాలో పావుగంట. బీచి పొడవు, దాని చరిత్ర, అన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి వెనక్కి చూద్దును కదా, అమ్మ తడి ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. మేనేజరు గడియారం చూసుకుని నావైపు చూశాడు. నేను వెళ్లి ఆమె పక్కనే నిలబడి ఈల వేశాను.

"కొంచేపు ఉండనీండి సార్," అంది, నీళ్లమీదినుంచి చూపు తిప్పకుండానే.

"మేడమ్, టైమ్ అయిపోయింది!" అన్నాను. కన్నతల్లిని మేడమ్ అన్న ప్రబుద్ధుణ్ణి. ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, లాగి ఒకటి కొట్టాలనీ అనిపిస్తుంది. అమ్మ చీర దులుపుకుని లేచి, అందరికంటే ముందు బస్సెక్కింది.

ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ, "శానా బాగా చెప్పినావు నాయనా. నువ్వు మాట్లాడతానే ఉంటివా, అలల సప్పుడే సరిగ్గా వినపళ్ళేదు," అని నవ్వింది. అది ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైనా బాగుండేది.

వచ్చే ఆదివారం మనిద్దరమే పోదాం, నీకు విసుగు పుట్టేదాకా కూర్చుందువుగానీ అన్నాను. ఆదివారాలు నాకు బస్సు డ్యూటీ. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ డ్యూటీ మారలేదు. మార్చమని నేనూ అడగలేదు.