ఏడాది శ్రమను తన చేత్తో కొట్టివేసిన ఎస్తేరు మేడం

పోయిన సోమవారం ఉదయం దవాఖానలో మందుల గది తాళం తీస్తుండగా ఎస్తేరు మేడం కూతురు కరుణ ఫోన్ చేసి, "అంకుల్, అమ్మ లేస్తలేదు" అన్నది. నల్గొండలో వాళ్ల కిరాయి ఇంటికి నేను చేరేసరికి డాక్టరు వచ్చి, చూసి, వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఇరవై రెండేళ్లు ఒకే గదిలో, ఒకే కిటికీ వెనుక నా పక్కన కూర్చున్న మనిషి. సంతాప తీర్మానాలలో 'దిగ్భ్రాంతి' అనే మాట నేనే ఎన్నోసార్లు రాశాను. ఆ ఉదయం ఆ మాట గుర్తుకు కూడా రాలేదు. వాళ్ల గడప మీదనే కూర్చుండిపోయాను.

మేడం మా సర్కారు దవాఖానలో సీనియర్ ఫార్మసిస్టు. మక్తల్ అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక పల్లెలో, సెంటు భూమి లేని క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. తల్లి కంది చేలల్లో కూలికి పోయేది. తండ్రికి రక్తపోటు. దవాఖానలో గోలీలు ఉచితంగానే ఇచ్చేవారు. అయినా పక్షవాతం వచ్చి, తొమ్మిదేళ్లు మంచంలో ఉండి పోయాడు. "మందు దొరకక గాదు యాదగిరీ, మా నాయినకు గట్లయింది. నెలనెల మక్తల్ పోవుడంటే ఒక దినం కూలి పోతది. రెండు నెలలు పోయిండు, మూడో నెల మానేసిండు. ఉచితం అన్నది గోలీ ఒక్కటే. బస్సు, ఎండ, పోయిన కూలి ఉచితం గావు" అని మేడం నాతో అనేవారు. ఆ మాట ఆమె నోట నేను కనీసం వందసార్లు విన్నాను. ఒక్కోసారి విసుక్కున్నాను కూడా.

ఆ మాటను రుజువు చేయడానికే యాభై ఒకటో ఏట ఆమె ఔషధ ఆర్థికశాస్త్రంలో మాస్టర్స్ డిగ్రీకి చేరారు. మందు వెలను మాత్రమే కాక, అది మనిషికి చేరడానికీ, చేరకపోతే జరిగే నష్టానికీ అయ్యే సమస్త భారాన్ని తూచి చూసే శాస్త్రమది. తరగతులు హైదరాబాదులో, ఆదివారాల్లో. దవాఖానలో అందరూ ఆటపట్టించారు, నేనూ తక్కువ తినలేదు. "బిడ్డ కాలేజీకి పోవాల్సిన టైంల మీరు పోతున్నరేంది మేడం" అన్నాను. "నాకొచ్చిన అనుమానం నా బిడ్డకు రాలే. అందుకే నేనే పోతున్న" అన్నారు, నవ్వకుండా. పొద్దున్నే బస్సెక్కి నార్కట్‌పల్లి దాకా చదివేవారట. హైవే ఎక్కగానే పుస్తకం ఒళ్లో పెట్టుకుని నిద్రపోయేవారట. క్లాసులో పిల్లలందరూ ఆంటీ అని పిలిచేవారు. గణాంకశాస్త్రం రెండుసార్లు తప్పారు. మూడోసారి గట్టెక్కిన రోజు మిఠాయి పంచుతారేమోనని చూశాం. ఆమె టేబుల్ మీద తల వాల్చి పావుగంట పడుకున్నారు. లేచి మళ్లీ కిటికీ తెరిచారు.

ఇక పరిశోధన. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు మేము ఒక నెల గోలీలే ఇస్తాం. మూడు నెలలవి ఒకేసారి ఇస్తే పేదవాడికి రెండు దినాల కూలి మిగులుతుంది, మందు మానడు అన్నది మేడం విశ్వాసం. ఇస్తే పారేస్తారు అన్నది పైవాళ్ల సందేహం. అనుమతి తెచ్చుకుని, కొన్ని ఊళ్లకు నెల గోలీలు, కొన్ని ఊళ్లకు మూడు నెలల గోలీలు ఇవ్వడం మొదలుపెట్టారు. వేసుకున్నారో లేదో తెలియడానికి ఒక పద్ధతి పెట్టారు: ఖాళీ అయిన గోలీల షీట్లు తిరిగి తెచ్చిస్తేనే కొత్తవి. ఏడాది గడిచింది. మూడు నెలల వాళ్లు షీట్లన్నీ బరాబరు తెచ్చారు. ఆమెకు మార్గదర్శకుడైన ఆచార్యుడు ఎంతో మెచ్చుకున్నాడు. అధ్యాయాలు టైపు కూడా అయ్యాయి. అన్నేళ్లలో మేడం ముఖం అంత తేటగా ఉండగా నేను చూడలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. అది దాచిపెట్టి ఈ నాలుగు మాటలు రాయడం ఆమె స్మృతికి అపచారమవుతుంది. షీట్లు వాపసు తీసుకునే కిటికీ దగ్గర కూర్చున్నది నేను. మొదటి విడతలోనే, మూడు నెలల వాళ్లలో లచ్చమ్మ అనే ముసలామె సగం గోలీలున్న షీట్లు తెచ్చింది. రూలు ప్రకారం ఆమెను ఉత్త చేతులతో పంపాలి. ఆమె వెనుక చాంతాడంత వరుస ఉంది, ఎండ నడినెత్తికి వచ్చింది. విసుగో జాలో ఇప్పుడు తేల్చి చెప్పలేను గానీ, "అవ్వా, గోలీలు ఒత్తి కొంగుల మూటగట్టుకో, ఖాళీ షీటు నాకియ్యి" అన్నాను. ఆమె అట్లాగే చేసింది. వరుసలో వాళ్లంతా చూశారు. ఆ తర్వాత సగం షీటు తెచ్చినవాళ్లు లేరు. మేడంకు చెప్పాలని రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. రోజులు గడిచేకొద్దీ చెప్పడం మరీ కష్టమైంది.

తరగతి లేని ఒక ఆదివారం మేడం నన్ను వెంటబెట్టుకుని లచ్చమ్మ ఊరికి బయలుదేరారు. పట్టికలో ఒక్క షీటు కూడా తప్పని రోగి ఆమె. ఆమె మాటలు తన పరిశోధన గ్రంథంలో వేయాలని మేడం ఆశ. లచ్చమ్మ మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, లోపలి నుంచి స్టీలు డబ్బా తెచ్చి మూత తీసింది. నిండా గోలీలు.

"చూడు బిడ్డా, ఒక్కటి పారెయ్యలే. మిగిలినయన్ని పదిలంగ ఉన్నయ్."

మేడం డబ్బాలోకి చాలాసేపు చూశారు. "మరి ఏస్కోలేదెందుకవ్వా?"

"పొద్దుగాల తిన్నంక ఏస్కోమంటిరి. పొద్దుగాల నేనేడ తింట? చీకటితోనే పత్తికి పోత. పదకొండుకు చేను కాడ సద్ది తింట. గోలీలేమో ఇంటికాడుంటయ్. పని లేని నాడే ఏస్కుంట."

"ఖాళీ షీట్లు తెస్తుంటివి గద?"

"మీరడిగింది షీట్లే గద బిడ్డా. గోలీలు ఒత్తి మూటగట్టుకొమ్మని గీ సారే జెప్పిండు. మంచి సారు, ఒక్క దినం గూడ ఉత్తగ తోలలే."

వచ్చే దారిలో మేడం ఒక హోటల్ దగ్గర బండి ఆపమన్నారు. చాయ్ చెప్పారు. "తప్పయింది మేడం" అన్నాను. "ఎప్పటి సంది?" అని అడిగారు. "మొదటి సంది" అన్నాను. ఆమె చాయ్ గ్లాసు పక్కకు జరిపారు. తర్వాత, "సగం తప్పు నాది యాదగిరీ. షీటు తెస్తెనే గోలీ అంటిని. షీటు తెచ్చిండ్రు. తిననీకి ఎప్పుడు కూసుంటరని ఒక్కరినన్న అడిగిన్నా నేను?" అన్నారు. అంతే. తిట్టలేదు. ఆ రోజు నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆచార్యుడు ఆమె చెప్పినదంతా విని, "ఎవరి సమాచారంలో లోపం ఉండదు ఎస్తేరు గారూ? పరిమితులు అని ఒక పేరా రాసి సమర్పించండి. ఈ వయసులో మీకు మరో ఏడాది ఎందుకు?" అన్నాడట. ఆయన దుర్మార్గుడు కాదు, ఆమె అలసటను చూసి అన్న మాటే. "దీన్ని నమ్మి రేపు ఊరూరా గోలీలిస్తే, అవి డబ్బలకే పోతే, పక్షవాతమొచ్చినోళ్లకు ఎవరు జిమ్మేదారి సార్?" అని అడిగి వచ్చేశారు. మరునాడు మందుల గదిలోనే ఎర్ర కలంతో ఫలితాల అధ్యాయంలో పేజీ పేజీనీ కొట్టివేసి, ప్రతి పేజీ కింద సంతకం చేశారు. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. పని అయ్యాక, "మస్తు యాష్టకొస్తాంది యాదగిరీ" అన్నారు. ఇన్నేళ్ల సాహచర్యంలో ఆమె నోట అలసట మాట వినడం అదే మొదటిసారి.

మళ్లీ మొదటి నుంచి ఆరంభించారు. ఈసారి షీట్లు లేవు, రూలు లేదు. సెలవు రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి, తిండి వేళలు అడిగి, డబ్బాలు చూడడమే. నేను బండి నడిపాను. దానికి ప్రాయశ్చిత్తమని పెద్ద పేరు పెట్టుకోను, ఆమె అడగలేదు, నేను పోయాను. "సద్దిలనే కట్టుకో అవ్వా, ఆఖరి బుక్క తిన్నంక ఏస్కో" అని మేడం ఒక్కొక్కరికి చెబుతూ, గోలీని కాగితంలో చుట్టి సద్దిగిన్నె పక్కన పెట్టి చూపేవారు. కొన్ని నెలలకు డబ్బాలు ఖాళీ కావడం మొదలైంది. మూడు నెలల మందు ఇవ్వడం మంచిదే, కానీ మనిషి ఎప్పుడు తింటాడో అడగకుండా ఇస్తే వృథా అన్నది ఆమె చేరుతున్న నిర్ధారణ. ఇంకా నాలుగు ఊళ్లు మిగిలి ఉండగా వెళ్లిపోయారు.

సమాధి ప్రార్థనలు అయిన మూడో రోజు కరుణ ఫోన్ చేసింది. టైపు చేసిన పాత ప్రతి ఒకటి ఆచార్యుడి దగ్గర ఉందట. కుటుంబం ఒప్పుకుంటే దాన్నే సమర్పించి, మరణానంతరం పట్టా ఇప్పించే ప్రయత్నం చేస్తానన్నాడట. "అమ్మ నాలుగేండ్లు తిరిగింది అంకుల్. ఆ కాగితమన్న ఇంట్లుంటే బాగుండు. ఇయ్యమంటరా?" అని అడిగింది. ఆ పాత ప్రతి ఎందుకు చెల్లదో మేడం కూతురికి ఎన్నడూ చెప్పలేదట. నా పేరు బయట పెట్టవలసి వస్తుందని దాచి ఉంటారు. నేను చెప్పాను. కిటికీ, లచ్చమ్మ, కొంగు మూట, ఎర్ర కలం, అన్నీ చెప్పాను.

"అయితే అమ్మకు డిగ్రీ రాదన్నట్టే గదా?"

"రాదు బిడ్డా."

"సరే అంకుల్. ఇయ్యద్దని చెప్త" అని ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేయలేదు. నేను చేస్తే ఎత్తడం లేదు.

మందులిచ్చే చేతులు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి. ఇచ్చిన మందు మనిషి కడుపులోకి వెళ్లిందా అని ఇంటిదాకా నడిచి చూసిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. సత్యం కోసం తన కష్టాన్ని తానే రద్దు చేసుకున్న ఆ సాధ్వికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆమె ఖాళీ చేసిన కుర్చీలోకి ఎవరో ఒకరు బదిలీ మీద వస్తారు, ఆమె స్థానంలోకి రాలేరు. మొదటి విడతలో లచ్చమ్మ తెచ్చిన సగం షీట్లను ఉన్నవి ఉన్నట్టు నేను రాసి ఉంటే, మేడం ఆ నెలలోనే పొరపాటు దిద్దుకుని, నిరుడే పట్టా పుచ్చుకుని, కూతురికి చూపించి పోయేవారు.