మళ్ళీ గొళ్ళెం పెట్టిన పెద్దమ్మగారు

నా చిన్నప్పుడు జూబ్లీహిల్స్‌లో ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువ. ఒక్కో బంగళా ఒక్కో గుట్ట మీద ఒంటరిగా ఉండేది. మా అమ్మ అక్కడొక సినిమా నిర్మాతగారింట్లో వంటపని చేసేది. నాన్న అప్పటికే లేడు. కాంపౌండు చివర పనివాళ్ళకు కట్టిన గదుల్లో ఒకటి అమ్మకిచ్చారు. తిండి, గది, జీతం అన్నీ ఉన్న పని. ఒకటే షరతు, వెంట పిల్లలు ఉండకూడదు.

ఆ షరతు కఠినమైన మనసుతో పెట్టింది కాదని పెద్దయ్యాక అర్థమైంది. ఇల్లు కట్టేటప్పుడు రాయి కోసం పేల్చిన పెద్ద గుంట ఒకటి కాంపౌండు దిగువన మిగిలిపోతే, దాన్ని చెరువులా చేసి అందులో చేపలు పెంచేవారు. అంతకుముందున్న వాచ్‌మన్ కొడుకు ఒకనాడు ఆ నీళ్ళలో పడ్డాడు. పిల్లవాణ్ణి బతికించారుగానీ, ఆ భయం ఆ ఇంటిని వదల్లేదు. అప్పటినుంచి పనివాళ్ళ పిల్లల్ని గేటు లోపలికి రానివ్వలేదు. అందుకే అమ్మ నన్ను యూసుఫ్‌గూడలో మా పిన్ని దగ్గర ఉంచింది. మేమిద్దరం కలిసేది ఆదివారం చర్చి ఆరాధనలోనే. పాట మొదలైన దగ్గరనుంచి ఆశీర్వాదం అయ్యేదాకా అమ్మ నా చెయ్యి వదిలేది కాదు.

ఒక ఎండాకాలం పిన్నివాళ్ళు ఎవరో చనిపోయారని ఊరికి వెళ్తూ నన్ను అమ్మకు అప్పగించి పోయారు. వాచ్‌మన్ చాయ్ తాగడానికి పోయిన సమయం చూసి అమ్మ నన్ను గేటు దాటించి తన గదిలో దాచింది. పగలంతా మంచం కింద పడుకోవాలి. దగ్గు వస్తే దుప్పటి చెంగు నోట్లో కుక్కుకోవాలి. నేను కనబడితే అమ్మ పని పోతుంది, ఆ గది పోతుంది. ఇద్దరం పిన్ని గుమ్మంలో నిలబడాలి. పిన్ని ఇంట్లో అప్పటికే కాళ్ళు చాపుకునే చోటు లేదు. ఇదంతా అమ్మ నాకు విడమరిచి చెప్పలేదు. తలుపు మూసే ముందు ఆమె అటూ ఇటూ తొంగిచూడడం చూసి నాకే తెలిసిపోయింది.

ఆ చేపల సంగతి కాస్త చెప్పాలి. నిర్మాతగారు ఒకసారి షూటింగుకని కాశ్మీరు వెళ్ళినప్పుడు అక్కడెవరో తోటలో చెరువు కట్టి, చల్లటి నీళ్ళలో ట్రౌట్ చేపలు పెంచి, వచ్చిన అతిథులకు గాలాలిచ్చి కూర్చోబెట్టడం చూశారట. తన ఇంట్లోనూ అలాంటిది ఉండాలని పట్టుబట్టారు. వాళ్ళమ్మగారు నవ్వి, “ఈ ఊరి ఎండకి ఆ చేప నీళ్ళలోనే పులుసైపోతుందిరా అబ్బాయ్” అన్నారని అమ్మ చెప్పేది. చివరికి గోదావరి వైపునుంచి, నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో బొచ్చె, శీలావతి చేపపిల్లల్ని తెప్పించి వదిలారు. తెప్పించింది కొడుకే అయినా పెంచింది తల్లి. ఆవిడను అందరూ పెద్దమ్మగారు అనేవారు. రోజూ పొద్దున్నే తవుడు, వేరుశెనగ చెక్క కలిపి ముద్దలు చేసి, నీటి అంచున బండకేసి స్టీలు పళ్ళెం టంగుటంగుమని కొట్టేవారు. ఆ చప్పుడుకి చేపలన్నీ పైకి వచ్చి నీళ్ళు ఎసరులా మరిగేవి. మేత వేసే చోటు ఎప్పుడూ ఒకటే, మోటారు రూము ముందున్న మెట్ల దగ్గర. చెరువులోకి బోరునీళ్ళు తోడే మోటారు ఉన్న చిన్న రేకుల గది అది. తవుడు బస్తాలు కూడా అందులోనే పెట్టేవారు.

నన్ను దాచిన మూడోనాడు ఆదివారం. ఆరోజు నిర్మాతగారు తన సినిమాలు కొనే పెద్దమనుషుల్ని చేపలు పట్టడానికి పిలిచారు. వంటకు బయటి మనుషులు వస్తున్నారనీ, వాళ్ళ సామాన్లు మా గదిలో పెట్టిస్తారనీ పొద్దున్నే తెలిసింది. అమ్మకు ఇంకో దారి దొరకలేదు. నన్ను మోటారు రూములో బస్తాల వెనక కూర్చోబెట్టింది.

“గీడ్నే కూసో బిడ్డా. సప్పుడు చెయ్యకు. ఆళ్ళు మద్దెన్నానికి గాని రారంట, గంతల నేనొచ్చి తీసుకపోత. గా మోటారు మీద చెయ్యెయ్యకు” అని, నా నుదుటి మీద చెయ్యిపెట్టి గబగబా ప్రార్థన చేసింది. బయట గొళ్ళెం లేకుంటే అనుమానపడతారని గొళ్ళెం పెట్టి వెళ్ళిపోయింది.

కానీ వాళ్ళు పొద్దున్నే వచ్చేశారు. ముందు కుర్చీలు ఈడ్చిన చప్పుడు వినిపించింది. తర్వాత కార్ల తలుపులు, నవ్వులు, సిగరెట్ వాసన. మేత చోటు అదే కాబట్టి చేపలు పడేదీ అక్కడేనని, కుర్చీలన్నీ సరిగ్గా నా తలుపు ముందు వేశారు. గోడలో పైపు వెళ్ళే రంధ్రంలోంచి చూస్తే నాకు కనిపించింది ఒక తెల్ల ప్యాంటు, ఒక కుర్చీ కాలు, వాటి మధ్య ఇంత నీటి ముక్క.

ఎండ ఎక్కింది. రేకులు కాలాయి. తవుడు వాసన, గ్రీజు వాసన కలిసి గొంతులో పేరుకున్నాయి. దాహంతో నాలుక పిడచగట్టుకుపోయింది. గోడకు అటు చెరువెడు నీళ్ళు, ఇటు నేను. ఆదివారపు బడిలో మా టీచరక్క, భక్తులున్న చెరసాల తలుపులు వాటంతటవే తెరుచుకున్న సంగతి చెప్పింది. ప్రార్థిస్తే సంకెళ్ళు కూడా ఊడిపోయాయని చెప్పింది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, ‘ప్రభువా, తలుపు తియ్యి’ అని లోలోపలే అడిగాను. కళ్ళు తెరిచి చూశాను. తలుపు కదల్లేదు. మళ్ళీ అడిగాను. నేను సరిగ్గా అడగలేదేమోనని మోకాళ్ళ మీద కూడా అడిగాను.

అప్పుడు నిజంగానే తలుపు తెరుచుకుంది.

వెలుతురు కళ్ళల్లో పొడిచింది. ఎదురుగా పెద్దమ్మగారు, చేతిలో బుట్ట, పళ్ళెం. తవుడు కోసం వచ్చారు. నన్ను చూశారు. నేనూ ఆవిడను చూశాను. ఆవిడ ముఖంలో ఆశ్చర్యంగానీ కోపంగానీ ఏమీ కనిపించలేదు. వెనకనుంచి నిర్మాతగారి గొంతు వినిపించింది.

“అమ్మా, ఇవాళ మేత వద్దన్నానా? కడుపు నిండితే గాలం ముట్టవే అవి!”

“నిన్న కూడా మాడ్చావు కదరా. జీవాలు కావూ అవి?”

“వాళ్ళు వెళ్ళాక వేద్దువుగాని. రా ఇటు.”

“వస్తున్నాలే. నాకు తెలీదూ ఎప్పుడెయ్యాలో” అంటూ ఆవిడ వంగి, నాకూ గుమ్మానికీ మధ్య తన చీరను అడ్డంగా ఉంచి, బుట్టలోకి తవుడు తోడుకున్నారు. తర్వాత లేచి, తలుపు వేసి, గొళ్ళెం పెట్టారు.

ఆ గొళ్ళెం పడిన చప్పుడు నా ఒంట్లో ఎక్కడ తగిలిందో ఇప్పటికీ చూపించగలను. అంతకుముందు నేనున్న సంగతి ఎవరికీ తెలియకూడదని అమ్మ మూసిన తలుపు అది. ఇప్పుడు తెలిసీ మూశారు. ఆవిడ చెప్పులు మెట్ల మీద టపటపమని దూరమైపోవడం విన్నాను. కొడుకును పక్కకు పిలిచి చెప్పేస్తారనుకున్నాను. అమ్మ మూట సర్దుకుంటున్నట్టు కళ్ళ ముందు కనిపించింది. ప్రార్థన కూడా రాలేదు. అడిగినట్టే తలుపు తెరిచి, నన్ను చూసి, మళ్ళీ మూసి వెళ్ళిపోతే ఇంకేమని అడగాలి?

బయట చేపలు పడలేదు. అంత గోలకు అవి లోతుకు దిగిపోయి ఉంటాయి. తెల్ల ప్యాంటు ఆయన విసుక్కున్నాడు.

“ఏంటి గురూ, ఇంటర్వెల్ దాకా వచ్చింది, ఇంకా హీరో ఎంట్రీ లేదు!”

అందరూ నవ్వారు. ఇంకొకాయన, “మోటారు వేయించండి సార్, నీళ్ళు కదిలితే చేప లేస్తుంది” అన్నాడు. నిర్మాతగారికి అది నచ్చింది. “ఒరేయ్, వచ్చి మోటారు వెయ్యరా!” అని వాచ్‌మన్‌ను కేకేశారు.

“వస్తున్న సార్!” అన్న జవాబు పై మెట్ల దగ్గరనుంచి వినబడింది. మోటారు స్విచ్చు నా తలకు పైన గోడకే ఉంది. అతను తలుపు తీయకుండా దాన్ని వెయ్యలేడు. నేను రెండు బస్తాల సందులోకి జరిగాను. అవి జరగలేదు. నా మోకాళ్ళు బయటే ఉండిపోయాయి.

అప్పుడే చెరువు అవతలి గట్టునుంచి పళ్ళెం చప్పుడు మొదలైంది. టంగ్, టంగ్, టంగ్. రంధ్రంలోంచి కనిపిస్తున్న నీటి ముక్క మీద ఒక ముడత లేచి అటువైపు పరిగెత్తింది. దాని వెనక ఇంకొకటి. నీళ్ళ కింద నల్లటి వీపులు గుంపుగా దాటిపోయాయి.

“అరె, అటు పోతున్నాయి! అటు చూడండి!” అని ఎవరో అరిచారు. కుర్చీలు పడిపోయిన చప్పుడైంది. తెల్ల ప్యాంటు మాయమైంది. గాలం కర్రలు ఒకదానికొకటి తగులుకుంటూ, “జరుగు, జరుగు” అనుకుంటూ ఆ పెద్దమనుషులంతా అవతలి గట్టుకు పరిగెత్తారు. “మోటారొద్దు, ఏం వద్దు, కుర్చీలు పట్రా ఇటు!” అన్న నిర్మాతగారి కేక దూరంనుంచి వచ్చింది. వాచ్‌మన్ అడుగులు నా తలుపు దాకా వచ్చి, కుర్చీలు ఎత్తుకుని వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత పెద్దమ్మగారి గొంతు చెరువు మీదుగా ఖంగుమని వినిపించింది. “ఏమే, వంటింట్లో ఏం చేస్తున్నావే! తవుడు చాల్లేదు, మోటారు రూములోంచి ఇంకో బుట్టెడు పట్రా. నువ్వే రా, వేరేవాళ్ళకి ఎక్కడుందో తెలీదు!”

గొళ్ళెం తీసిన అమ్మ ముఖం చూసి నేను ఏడవలేదు, ఆమే ఏడ్చింది. ఆ రేకుల గది వెనకాల బండల సందులో నన్ను కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, బుట్ట తవుడుతో నింపుకుని అవతలి గట్టుకు వెళ్ళింది. ఆ మధ్యాహ్నం వాళ్ళకు బోలెడు చేపలు పడ్డాయట. నిర్మాతగారి సినిమా అమ్ముడైందో లేదో నాకు తెలియదు.

సాయంత్రం పెద్దమ్మగారు మా గదికి వచ్చారు. అమ్మ ఆవిడ కాళ్ళ మీద పడబోతే ఆపారు. “లే ముందు. రెండ్రోజులుగా చేపముక్క గదికి పట్టుకెళ్తుంటేనే అనుకున్నా. నువ్వు చేప తినవు కదే! అయినా పిల్లని రేకుల గదిలో గొళ్ళెం పెట్టి దాస్తావుటే? ఎండకి ఏమన్నా అయితే?”

“ఏం జెయ్యాల్నో తెల్వలే పెద్దమ్మగారూ. మా చెల్లె ఊరికి పోయింది. గీ పని పోతే యాడికి పోవాలె?”

“మావాడితో నేను మాట్లాడతా. వాడికి నీళ్ళంటే భయం, పిల్లలంటే కాదు. మీ చెల్లి వచ్చేదాకా ఇది నా పక్కన ఉంటుంది. నా చెయ్యి పట్టుకుని తప్ప చెరువు దగ్గరకి పోదు, సరేనా?”

పొద్దుట్నుంచి లోపల గుచ్చుకుంటున్నదే బయటికి వచ్చింది. “నన్ను చూసి కూడా గొళ్ళెం ఎందుకు పెట్టినవ్?” అన్నాను. అమ్మ నా నెత్తి మీద ఒకటి వేసింది, అమ్మగారితో ఆ మాటలేమిటని.

ఆవిడ నవ్వలేదు. నా ముందు కూర్చుని, పెద్దవాళ్ళకు చెప్పినట్టు చెప్పారు. “తలుపు తీసిపెడితే ఏమయ్యేదే? మావాడు నా వెనకే ఉన్నాడు. నీ దగ్గర నిలబడి నేను చేసేదేముంది? వాళ్ళేమైనా నీకోసం వచ్చారా, చేపల కోసం వచ్చారు. చేపలు ఎటు పోతే వాళ్ళూ అటే పోతారు. అందుకని అటు వెళ్ళా.”

కొడుకు ఒప్పుకోవడానికి రెండు పూటలు పట్టింది. “నీతో పెట్టుకోలేనమ్మా” అని ఆయన గొణగడం నేను విన్నాను. పిన్నివాళ్ళు వచ్చేదాకా ఆవిడ పక్కనే కూర్చుని తవుడు ముద్దలు చేశాను. ఆవిడ పూజగది వేరు, మా ప్రార్థన వేరు. కానీ ఆ రోజు ప్రభువు నాకు జవాబు పంపింది ఆవిడ చేతిమీదుగానే. అది నాకు ఎవరూ బోధించనక్కర్లేదు.

తర్వాత నా జీవితంలో మూసుకున్న తలుపులు చాలానే చూశాను. నా భర్త మంచాన పడిన ఏళ్ళలో, ఉపవాసం ఉండి, సంఘమంతా కలిసి అడిగినా పరలోకం పలకనట్టే అనిపించిన రాత్రులున్నాయి. మా సంఘంలో ఆడపిల్లలు వచ్చి నా ఒళ్ళో తలపెట్టి, “దేవుడు చూసి కూడా వెళ్ళిపోయాడు ఆంటీ” అని ఏడుస్తుంటారు. అది విశ్వాసం లేని మాట అని నేను వాళ్ళను గద్దించను. ఆ మాట నేనూ అనుకున్నాను, కాలుతున్న రేకుల కింద, నా మోకాళ్ళను నేనే పట్టుకుని. తెరిచిన తలుపే సహాయమని అప్పుడు నమ్మాను. నా తలుపు ముందు కూర్చున్నవాళ్ళను లేపి పంపడం కూడా సహాయమేనని, దానికి నన్ను కాపాడేవాళ్ళు కాసేపు నాకు దూరంగా నడవాలని అప్పుడు తెలియదు.

ఇప్పటికీ ప్రభువును తలుపు తియ్యమనే అడుగుతాను, అడగడం మానలేదు. కానీ అడుగుల చప్పుడు దూరమవుతుంటే ఏడవను. ఆయన ఏ గట్టుకు వెళ్తున్నాడో అని చెవిపెట్టి వింటాను.