మత్రా బజారులో చీకటి

మావారు ఒమన్‌లో దిగిన మర్నాడు శుక్రవారం. నేను అప్పటికి ఏడాదిగా ఖబూరాలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. ఆయనకు అదే ఊళ్లో ఒక కంపెనీ స్టోరులో పని కుదిరింది. మమ్మల్ని ఖబూరా తీసుకువెళ్లే బండి శనివారం గానీ రాదు. నర్సింగ్ స్కూల్లో నాకు సీనియరైన ఒక అక్క మస్కట్ పక్కనే ఉన్న మత్రాలో ఉండేది. ఆమె రూములో దిగాం. పగలంతా ఖాళీ.

ఆయన నరసాపురం దగ్గర మిషన్ హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. “పోర్చుగీసువాళ్లు కట్టిన కోటలు మస్కట్‌లోనే ఉన్నాయి కదా. ఇంతదూరం వచ్చి చూడకుండా ఎలా వెళ్తాం?” అన్నారు.

పెళ్లయ్యాక మేం కలిసి ఉన్నది నెల కూడా లేదు. అదీ చుట్టాల మధ్యే గడిచిపోయింది. ఆయన గురించి నాకు తెలిసినవి కొన్నే. తక్కువ మాట్లాడతారు. ఎంత ఉక్కపోసినా చొక్కా చేతులు మడవరు. పొద్దుగూకాక ఇల్లు కదలరు. ఈ చివరిదాన్ని నేను బుద్ధిమంతుడి లక్షణాల్లో జమకట్టుకున్నాను.

అక్క కట్టిచ్చిన పులిహోర పొట్లం పట్టుకుని ఎండ ముదరకముందే బయలుదేరాం. అప్పట్లో మత్రా నుంచి మస్కట్‌కు కొండల మధ్యగా పాత దారి ఉండేది. ఎక్కేటప్పుడు ఆయన నాకంటే చురుగ్గా నడిచారు. దిగేటప్పుడు మాత్రం ప్రతి అడుగూ చూసి వేశారు. కొత్త బూట్లు కరుస్తున్నాయేమో అనుకున్నాను. ఒక మలుపు దగ్గర నీళ్ల డబ్బాలు మోస్తున్న గాడిద పక్క నుంచి వస్తే నేరుగా దానికే తగిలారు. గాడిదను తోలుతున్న ముసలాయన “శ్వయ్, శ్వయ్” అన్నాడు. నెమ్మది అని అర్థం.

పాత మస్కట్ చిన్న ఊరు. చుట్టూ గోడ, లోపల సుల్తాను ప్యాలెస్, దానికి అటొకటి ఇటొకటి రాతిగుట్టల మీద కోటలు. ఒక కోట జైలు. రెండోదాని దగ్గర తుపాకీ పట్టుకున్న మనిషి మమ్మల్ని దూరం నుంచే చెయ్యి ఊపి వెనక్కి పొమ్మన్నాడు. ఆయన నొచ్చుకోలేదు. రేవు పక్కన నిలబడి, ఏ గోడ ఏ వైపు ఫిరంగులకు కట్టారో నాకు వివరంగా చెప్పారు, క్లాసులో చెప్పినట్టే. ఎదురుగా కొండరాళ్ల మీద ఎప్పుడెప్పుడో వచ్చిపోయిన ఓడలవాళ్లు తమ ఓడల పేర్లు తెల్లరంగుతో రాసిపోయారు. ఆయన వాటిని ఒక్కొక్కటే చదివారు. నాకు సగం అక్షరాలు ఆనలేదు.

“మీ కళ్లు భలే ఉన్నాయండీ” అన్నాను.

ఆయన ఇంకో ఓడ పేరు చదివారు.

గోడ నీడలో పులిహోర తిని, కాసేపు కూర్చుని, వచ్చిన దారినే మత్రాకు నడిచాం. సాయంత్రపు నమాజు ముగిసి కొట్లు తెరుస్తున్నారు. బజారు చూసి రూముకు పోదామన్నాను. సముద్రం ఎదురుగా ఎండ ఇంకా కళ్లు పొడుస్తోంది. బజారు లోపల మాత్రం ఇరుకు సందులు, పైన తాటాకులూ రేకులూ కప్పేసి పగలే మసకగా ఉంటుంది. లోపలికి అడుగుపెట్టగానే ఆయన ఆగిపోయి నా మణికట్టు పట్టుకున్నారు.

నడిబజారులో, అంతమంది ఆడవాళ్లు చూస్తుండగా. నాకు సిగ్గేసింది. కొంచెం సంతోషమూ వేసింది, దాచడం ఎందుకు. మెల్లగా చెయ్యి విడిపించుకుని నాలుగడుగులు ముందుకు వేశాను. వెనక పెద్ద చప్పుడైంది.

సాంబ్రాణి వేసే మట్టి ధూపదానులు దారి పక్కన పేర్చి ఉన్నాయి. ఆయన వాటి మీద పడిపోయారు. కొట్టు యజమాని, తెల్లగడ్డం ఒమానీ, కోప్పడకుండా వంగి పెంకులు ఏరడం మొదలుపెట్టాడు. ఎదురు బట్టల కొట్టులోంచి ఒకతను పరుగెత్తుకొచ్చాడు. నా నోట “అయ్యో, ఏమైందండీ” అని విన్నాడు కాబోలు, తెలుగులోనే మాట్లాడాడు.

“ఏం గాలేదులేమ్మా, కుండలు పోతే పోనీ. రాండి సార్, ఈడ కూసోండి. మాది కడప. నీళ్లు తెస్తా.”

ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి మోచేతి గాయం తుడిచాను. చేతులు ఆ పని చేస్తుండగా బుర్ర వేరే పని చేసింది. గాడిద. దిగుడు దారి. పొద్దుగూకితే కదలని మనిషి. నర్సింగ్ చదివేటప్పుడు కళ్ల వార్డులో నేను డ్యూటీ చేశాను.

“నా ముక్కు వైపే చూడండి” అని, ఆయన చెవి పక్కగా చెయ్యి పెట్టి వేళ్లు ఆడించాను. “వేళ్లు కనబడుతున్నాయా?”

“ఏ వేళ్లు?” అన్నారు.

కడపతను నీళ్లు తెచ్చాడు. ఆయన తాగి, గ్లాసు ఇచ్చి, బయటికి పోదామన్నారు. ఈసారి నేనే మోచెయ్యి పట్టుకుని నడిపించాను. వార్డులో ఎంతమందిని అలా నడిపించానో. సముద్రం ఒడ్డున గట్టు మీద కూర్చున్నాం.

“ఎప్పటి నుంచండీ?”

“చిన్నప్పటి నుంచే. మా మేనమామకీ ఉంది, రేచీకటి. చేపనూనె తాగితే తగ్గుద్దన్నారు. పెళ్లికి ముందే చెబుదామనుకున్నాను. అమ్మ వద్దంది.”

నాకు కోపం వచ్చిందా అంటే చెప్పలేను. కేసు షీటు వింటున్నట్టు విన్నాను. అది మామూలు రేచీకటి కాదు. కంటి లోపలి పొర కొద్దికొద్దిగా ఎండిపోయే జబ్బు. చుట్టుపక్కల చూపు ముందు పోతుంది. ఎదుటి చూపు చివరిదాకా ఉంటుంది, అందుకే దూరంగా ఉన్న అక్షరాలు అంత బాగా చదవగలరు. ఇదంతా ఆయనకు తెలియదు. చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఆయన ఇంట్లోవాళ్లు దాచి ఏం బాగుపడ్డారనిపించింది.

“ఇది చేపనూనెతో తగ్గేది కాదండీ. డాక్టరుగారు చూడాలి గానీ, నేననుకున్నదే అయితే మందు లేదు. పెరుగుతుంది.”

“మొత్తం పోద్దా?”

“పోవచ్చు. మీకు నిదానంగానే ఉన్నట్టుంది.”

ఆయన పడవల వైపు చూస్తూనే అడిగారు.

“నువ్విప్పుడు ఏం చేస్తావు?”

“రేపు బండెక్కి ఖబూరా వెళ్దాం. ఎల్లుండి నాకు డ్యూటీ ఉంది” అన్నాను. ఆయన తలాడించారు. వెలుతురు ఉండగానే రూముకు వెళ్లిపోయాం.

ఖబూరా డాక్టరుగారు నేను చెప్పిందే చెప్పారు. స్టోరులో సామాను ఎక్కడుందో మావారు చేతికి బాగా అలవాటు చేసుకుని కొన్నేళ్లు పనిచేశారు. సెలవు దొరికినప్పుడల్లా ఏదో ఒక ఊరు చూడటానికి వెళ్లేవాళ్లం, ఎప్పుడూ పగటిపూటే. బహ్లా ఊరి చుట్టూ ఉన్న పాత మట్టిగోడల వెంట ఒక పూటంతా నడిచాం. చివరికి ఆయన చూపు గొట్టంలోంచి చూసినంత అయింది. కంపెనీ పంపించేయకముందే తనే మానేశారు. నరసాపురం తిరిగొచ్చాక ఇంటి అరుగు మీద పిల్లలకు చరిత్ర చెప్పేవారు, పుస్తకం అక్కర్లేకుండా.

అంతకు చాలా ముందు, మా మొదటి సెలవుకు ఊరు వెళ్లినప్పుడు అత్తగారిని అడిగాను, ముందే ఎందుకు చెప్పలేదని. ఆవిడ చేపలు కడుగుతోంది.

“చెబితే నువ్వు ఒప్పుకుందువా?” అంది తలెత్తకుండా.

ఆలోచించాను. ఒప్పుకునేదాన్ని కాదు. ఆ మాటే చెప్పాను.

“అదే మరి” అని ఆవిడ చేపల గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లింది.