విశేషాలాయన

మునిసిపల్ ఆఫీసులో లిఫ్ట్ నడిపే ఆయనకి జీతాల కాగితం మీద ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. ఆఫీసులో మాత్రం కమిషనరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆయన విశేషాలాయనే. ఇనప జాలీ తలుపు లాగి, ఇత్తడి పిడి తిప్పి, లిఫ్ట్ కదిలిందంటే చాలు నోరు విప్పేవాడు. ఆక్టోపస్‌కి గుండెలు మూడు అనేవాడు. శుక్రగ్రహం తన చుట్టూ తాను ఒక్కసారి తిరిగేలోగా సూర్యుణ్ణి చుట్టేసి వస్తుందనేవాడు. మొదలుపెట్టిన గంటలోపే ముగిసిపోయిన యుద్ధం ఒకటి చరిత్రలో ఉందని చెప్పేవాడు. ఇంటి పన్ను మీద మండిపడుతూ ఎక్కినవాళ్ళు కూడా దిగేసరికి కాస్త చల్లబడేవాళ్ళు.

ఆ భవనానికి ఆరు అంతస్తులు. పైదాకా వెళ్ళేవాళ్ళు దొరికితే ఆయన హుషారుకి పట్టపగ్గాలుండేవి కావు. ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు అని ఆరు అంకెలు వరసగా పేర్చిన సంఖ్యని తీసుకుని, రెండో అంతస్తు దగ్గర రెండుతో, మూడో అంతస్తు దగ్గర మూడుతో హెచ్చవేసుకుంటూ పోయేవాడు. ప్రతిసారీ అవే ఆరు అంకెలు చోట్లు మార్చుకుని వచ్చి కూర్చునేవి. "ఏడో అంతస్తు కట్టుంటే అన్నీ తొమ్మిదులే వచ్చేవండీ. కట్టలేదు, ఏం చేస్తాం," అంటూ ఆరో అంతస్తు తలుపు తీసేవాడు.

ఆయన భార్య ఆయనకి పరిచయమైంది ఆ లిఫ్ట్‌లోనే. నాలుగో అంతస్తులో జనన మరణ సర్టిఫికెట్ల కౌంటరులో ఉద్యోగానికి కొత్తగా వచ్చింది. ప్రతి అంతస్తులోనూ లిఫ్ట్‌కి ఎదురుగోడ మీద ఊరి చిహ్నం ఉండేది. పక్క ఊళ్ళకి సింహాలూ కోటలూ ఉంటే ఈ ఊరికి పడవలో నిలబడ్డ మేక. ఎవరైనా దాన్ని చూసి నవ్వితే విశేషాలాయన కథ ఎత్తుకునేవాడు. వంతెన లేని రోజుల్లో, వరద తీశాక, పడవవాళ్ళు ముందు ఒక మేకని ఎక్కించి తాడు కట్టి వదిలేవారట. మేక క్షేమంగా అవతలి ఒడ్డు చేరితేనే మనుషులు ఎక్కేవారట. అందరూ విని భలేగా ఉందని దిగిపోయేవాళ్ళు. ఈమె మాత్రం దిగకుండా నిలబడి, "మరి చేరని మేకల మాటేమిటి?" అంది.

తెలియదు అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. తెలియకపోతే "రేపు చెబుతాను" అనేవాడు, సాయంత్రం లైబ్రరీకి పోయి వెతుక్కొచ్చి మర్నాడు చెప్పేవాడు. ఆమెకీ రేపు చెబుతాననే అన్నాడు. లైబ్రరీలో ఆ మేకల ఊసు ఎక్కడా లేదు. ఆమె రోజూ అడిగేది, ఆయన రోజూ రేపనేవాడు. ఆ జవాబు దొరకలేదు గానీ ఆ వంకన పెళ్ళి కుదిరిపోయింది.

కాపురం పెట్టింది లిఫ్ట్ లేని ఇంట్లో, మూడో అంతస్తులో. "ఊరందర్నీ మోసే మనిషి, పెళ్ళాన్ని మాత్రం మెట్లెక్కిస్తాడు," అని ఆమె ఇరుగుపొరుగు దగ్గర నవ్వేది. ఆయన సాయంత్రం చెప్పులు విప్పకముందే "ఇవాళ్టి విశేషం ఏమిటండీ?" అని అడిగేది. విని, బాగుంటే తలూపేది, నమ్మబుద్ధి కాకపోతే పెదవి విరిచేది. వాళ్ళకి ఒక్కతే కూతురు. పెళ్ళయి అదే ఊళ్ళో అవతలి కొసన ఉంటోంది.

ఒక ఏడాది ఆమె మెట్ల మధ్యలో ఆగడం మొదలుపెట్టింది. మోకాళ్ళంది, ఒళ్ళొచ్చిందంది. తర్వాత పొడిదగ్గు పట్టుకుంది. డాక్టరు ఫోటోలు తీయించి, మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తులు బిరుసెక్కిపోతున్నాయన్నాడు. కారణం చెప్పలేమన్నాడు. మందు వాడితే నెమ్మదిస్తుందే గానీ వెనక్కి మళ్ళదన్నాడు.

మనిషి ఊపిరితిత్తుల్ని విప్పి పరిస్తే టెన్నిస్ కోర్టులో సగం పరుచుకుంటాయని విశేషాలాయన లిఫ్ట్‌లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆ సాయంత్రం లైబ్రరీలో అదే సంగతి రాసి ఉన్న పుస్తకం తీసి, ఎప్పుడూ చదవని పేజీలు తిప్పాడు. ఆ జబ్బు వచ్చినవాళ్ళు ఎన్నాళ్ళుంటారో అక్కడ రాసి ఉంది. పుస్తకం మూసి, లైబ్రరీ వాళ్ళు తలుపులు వేసేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె కిటికీ పక్కన ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆయన టీ కలిపి తెచ్చాడు.

"నాలాంటివాళ్ళు ఎన్నాళ్ళుంటారట?" అని అడిగింది, తల ఎత్తకుండా.

"తెలియదు," అన్నాడు.

ఆమె మడతపెట్టడం ఆపింది. కాసేపు ఆయన ముఖంలోకే చూసింది.

"రేపు చెబుతాననలేదేం?"

ఆయన వంగి, కింద పడని దిండుగలేబు కోసం వెతికాడు.

"సరేలెండి. టీ చల్లారిపోతోంది, తాగండి," అంది.

ఆ తర్వాత ఆమె ఏ సాయంత్రమూ విశేషం అడగలేదు. ఆయన దగ్గరా మిగల్లేదు. లిఫ్ట్‌లో కూడా నోరు కట్టేసుకున్నాడు. ఎవరైనా కదిపితే గొంతు బాగాలేదనేవాడు. ఏది చెప్పబోయినా దాని కొసన ఆ పుస్తకంలోని అంకె వచ్చి నిలబడేది.

ఇంట్లోకి ఆక్సిజన్ మిషను వచ్చింది. పగలూ రాత్రీ ఒకటే రొద. ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు ఆయనా వెనక రెండో అంతస్తులో ఉండే దర్జీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దించేవాళ్ళు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని కుర్చీ చేతులు పట్టుకునేది. ఓసారి కిందకి చేరాక దర్జీ గోడకి ఆనుకుని రొప్పుతుంటే చూసి, ఇక తనని ఎక్కడికీ తీసుకెళ్ళొద్దంది. అప్పట్నుంచి ఆమెకి మిగిలిన లోకం ఎదురింటి డాబా మీద నీళ్ళ ట్యాంకు, ఆరేసిన బట్టలు.

ఆయనకి సెలవులన్నీ అయిపోయాయి. రిటైరవడానికి ఇంకా కొన్ని నెలలున్నాయి. పగటిపూట కూతురు వచ్చి తోడుండేది. ఒక ఉదయం ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆమె చెయ్యి ఎత్తింది. "ఇవాళ... ఉండండి," అంది. పైనుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారని, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని చెప్పాడు. తనిఖీ మాట నిజమే. కానీ అది లేకపోయినా ఆయన వెళ్ళేవాడే. ఆ గదిలో కూర్చుని ఆమె ఒక్కొక్క ఊపిరి కోసం భుజాలెగరేయడం చూడటం ఆయన వల్ల కావడం లేదు.

పదకొండు దాటాక ఆఫీసులో కరెంటు పోయింది. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్ట్ ఆగిపోయింది. లోపల ఆయనతో పాటు ముసలి కాంట్రాక్టరు ఒకడు, ఫైలు పట్టుకున్న ఒకావిడ. చీకట్లో ఆవిడకి గాభరా ఎక్కువైంది. ఎగశ్వాస తీస్తూ జాలీ పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. ఆ ఊపిరి చప్పుడు ఆయన వినలేకపోయాడు. "మీరు విశేషాలు చెబుతారటగా, ఏదో ఒకటి చెప్పండయ్యా," అన్నాడు కాంట్రాక్టరు.

ఆవిడ ఊపిరి కుదుటపడితే చాలనుకుని ఎత్తుకున్నాడు. ఆక్టోపస్, శుక్రుడు, మేకా పడవా. నెలల తరబడి మూలపడ్డ గొంతు దానంతటదే దారిలో పడింది. ఆవిడ నెమ్మదించింది. పడవలో మేక కంటే మునిసిపాలిటీ కుర్చీలో మేకని పెట్టుంటే ఇంకా సరిపోయేదని కాంట్రాక్టరు అన్నాడు. ముగ్గురూ పగలబడి నవ్వారు. నవ్వడం ఎన్నాళ్ళకో అని ఆయనకే అనిపించింది.

కరెంటు వచ్చింది. నాలుగో అంతస్తు తలుపు దగ్గర అటెండరు నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలోకి చూడకుండా, ఇంటి దగ్గర్నుంచి ఫోనొచ్చి చాలాసేపయిందన్నాడు. పైనుంచి కేకేశానన్నాడు. నవ్వులు వినబడ్డాయట, జవాబు మాత్రం రాలేదట.

లిఫ్ట్ అలాగే వదిలేసి మెట్ల మీంచి పరుగెత్తాడు. ఆయన ఇల్లు చేరేసరికి మిషను ఆపేసి ఉంది.

మరణ సర్టిఫికెట్ ఆమె పనిచేసిన కౌంటరులోనే ఇచ్చారు. అక్కడ ఇప్పుడున్న అమ్మాయికి ఆమె ఎవరో తెలియదు. ఆయన చెప్పలేదు. రిటైరయ్యాక పాత లిఫ్ట్ పీకేసి మీటల లిఫ్ట్ పెట్టారు. కూతురు ఆయన్ని తన దగ్గరికి తీసుకెళ్ళింది. అల్లుడు మంచివాడు, పడుకోవడానికి విడిగా గది ఇచ్చారు. టీవీలో ప్రశ్నల కార్యక్రమం వస్తే ఆయన లేచి అవతలికి వెళ్ళిపోయేవాడు.

ఆయన అడిగేది ఒక్కటే. ఆఖర్న అమ్మ ఏమంది? కూతురు చెప్పేది. "నాన్న వచ్చాడా అని అడిగింది. ఇంకా లేదన్నాను. నీళ్ళు అంది. అంతే నాన్నా." నాలుగు రోజులాగి మళ్ళీ అడిగేవాడు. ఆమె మళ్ళీ అదే చెప్పేది. ఇంకేదో ఉండి ఉంటుంది, గుర్తు తెచ్చుకొమ్మనేవాడు.

ఒకరోజు కూతురికి విసుగో జాలో, తనకే తెలియదు, గిన్నెలు తుడుస్తూ అంది. "ఉంది నాన్నా. నువ్వు ఆఫీసుకెళ్ళడమే మంచిదైందంది. నీ ఎదురుగా పోతే తట్టుకోలేవంది. బెంగపెట్టుకోవద్దని చెప్పమంది."

ఆయన ఆమె తుడిచిన గిన్నె ఒకటి తీసి బోర్లించాడు.

"అంత పొడుగు మాట అనేపాటి ఊపిరి ఎక్కడుందమ్మా దానికి," అన్నాడు.

కూతురు చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆయన లేచి తన గదిలోకి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ అడగలేదు.