పదకొండులో ఆరు

టకటకల పిన్ని ఇరవై అయిదో పుట్టినరోజున టైపు ఉద్యోగంలో చేరింది. ఈ ముప్ఫై ఏళ్లలో సగం కొట్టిన కాగితాన్ని మిషన్లో వదిలి ఇంటికి వెళ్లి ఎరగదు. అలాంటి మనిషికి ఆఖరి వారంలో ఆఖరే లేని అంకె తగిలింది.

రిటైరయ్యేవాళ్లు తమ ఫారం తామే టైపు చేసుకోవాలని ఆ ఆఫీసులో ఆనవాయితీ. పదిహేడో గడిలో "సే.ని." అని ఉంటుంది. అదేమిటో ఎవరూ అడగరు, లెక్కల విభాగం పంపిన అంకె కొట్టేస్తారు. పిన్నికి వచ్చిన చీటీలో 0.545454 అనీ, పక్కన పచ్చ సిరాతో "ఇలాగే పోతూ ఉంటుంది" అనీ ఉంది.

"చివర చుక్కలు పెట్టేయనా సార్?" అని అడిగింది.

నిబంధనల పుస్తకం చంకన పెట్టుకుని పుట్టిన కొత్త అధికారి ఉలిక్కిపడ్డాడు. "చుక్కలు పెడితే ఏదో దాచామంటారు. మధ్యలో కొయ్యనూ కూడదు. పూర్తిగా కొట్టండి పిన్నిగారూ."

"అది పూర్తవదట కదా సార్."

"కొట్టకముందే అలా అంటే ఎలాగండీ?"

గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలు. అది దాటితే సర్వీసు ఒక రోజు పెరుగుతుంది, అంకె మారుతుంది, కొత్త అంకె మొదటినుంచి కొట్టాలి. అదీ పూర్తి కాకపోతే మరో రోజు. అంటే పిన్నికి ఈ జన్మలో రిటైర్మెంటు లేనట్టే. ఇంత తెలివి ఒక్క బుర్రలో పుట్టేది కాదు, పదిమంది కూర్చుని టీ తాగుతూ ఆలోచించి ఉండాలి.

మంగళవారం మొదలుపెట్టింది. యాభై నాలుగు, యాభై నాలుగు. గురువారానికి రెండు వందల కాగితాలూ మూడు రిబ్బన్లూ అయిపోయాయి. అధికారి ఆ కట్టను చేత్తో ఎత్తి చూసి "పని బాగా సాగుతోంది" అని మెచ్చుకున్నాడు. పిన్నికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంటికెళ్లి భర్త ముందు భోరుమంది. పుస్తకాలు కుట్టడం ఆయన వృత్తి. "పోనీ, బైండు చేసి పెట్టనా?" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కునుకుపాటులో, కొత్త కాగితం మీద అంకెను మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని, సున్నా మరిచి, చుక్కను రెండంకెలు ఆలస్యంగా కొట్టింది. 54.545454 అని పడింది. అది గమనించేసరికి మిషన్లో తర్వాతి కాగితం సగం అయింది. తప్పు ఎక్కడిదాకా పాకిందో చూద్దామని, ఆ కాగితాన్నీ మొదటి కాగితాన్నీ చుక్క మీద చుక్క వచ్చేలా కిటికీ అద్దానికి ఆనించింది. చుక్క తర్వాత తోకలు రెండూ అచ్చంగా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

చుక్క రెండంకెలు జరిగితే అంకె వంద రెట్లవుతుందని చిన్నప్పుడు బడిలో విన్నదే. ఆ వంద రెట్లలోంచి ఒక రెట్టు తీసేస్తే తోకకు తోక చెల్లు. మిగిలేది ఉత్త యాభై నాలుగు. అంటే అసలు అంకెకు తొంభై తొమ్మిది రెట్లు యాభై నాలుగన్నమాట. యాభై నాలుగును తొంభై తొమ్మిదితో భాగించి, పైనా కిందా తొమ్మిదితో కొట్టేసింది. ఆరు బై పదకొండు! రెండు వందల కాగితాల్లో పట్టని అంకె గోరంత చోటులో ఒదిగింది. పిన్ని ఆనందం పట్టలేక నవ్వేసింది.

అధికారి పుస్తకమంతా తిరగేశాడు. "భిన్నం కూడదని ఎక్కడా లేదే," అని దిగాలుగా సంతకం పెట్టాడు.

"ఇంతకీ సే.ని. అంటే ఏమిటి సార్?"

"సేవా నిష్పత్తి. మీ వయసులో ఉద్యోగానికి పోయిన భాగం."

పిన్ని వేళ్ల మీద లెక్కేసింది. పదకొండు అయిదులు యాభై అయిదు. అందులో ఆరు అయిదులు, ముప్ఫై ఏళ్లు ఆఫీసువి. మిగిలిన పాతికా ఉద్యోగంలో చేరకముందువి. అప్పటికి పెళ్లే కాలేదు.

"ఇది తప్పు లెక్క సార్," అంది. "మా సాయంత్రాలు కూడా మీరే రాసేసుకున్నారు."

"సరిచేయించమంటారా? కొత్త అంకె వస్తుంది మరి. ఎంత పొడుగుంటుందో చెప్పలేను."

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. రోజూలాగే భర్త గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వద్దు, ఉంచుకోండి," అని పిన్ని సంచీ తీసుకుంది. మిషన్లో సగం కొట్టిన యాభై నాలుగుల కాగితం ఉంది. దాన్ని అలాగే వదిలేసి మెట్లు దిగింది.

ఆవిడను చూసి భర్త కంగారుగా గడియారం చూసుకున్నాడు. "అయిదు కాలేదే! ఇంకా పది నిమిషాలుంది."

"అవి మనవేనండీ," అంది పిన్ని.